వరస తప్పితే మాట పక్కకి పోతుంది
(ఆడియో ఫైళ్లలో చానళ్లు ఎలా ఉంటాయన్న అంశంపై ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ హాల్లో ఎడిటింగ్ చేసేవాళ్లున్నారు, డబ్బింగ్ స్టూడియోల్లో పనిచేసేవాళ్లున్నారు, ఇంట్లో రెండు మైకులు పెట్టుకుని యూట్యూబ్‌కి ఇంటర్వ్యూలు తీసేవాళ్లూ ఉన్నారు. మీ అందరికీ ఉమ్మడిగా ఒక తలనొప్పి ఉంటుంది. రికార్డింగ్ బాగానే వచ్చింది, ఫైలు పాడవలేదు, అయినా వినేచోట తేడాగా వినిపిస్తోంది. హీరో డైలాగ్ కుడి స్పీకర్లోంచి వస్తుంది. యాంకర్ గొంతు ఒక్క చెవిలోనే పడుతుంది. ఇంకోచోట ఇయర్‌ఫోన్లో వినిపించిన మాట ఫోన్ స్పీకర్లో మాయమవుతుంది.

చానల్ అంటే ఒక మైకుదో, ఒక స్పీకరుదో విడి ధ్వని ధార. ఫైల్లో చానళ్లు ఎన్నో కచ్చితంగా రాసి ఉంటుంది. ఏ చానల్ ఎవరిదో మాత్రం చాలాసార్లు రాసి ఉండదు, వరసని బట్టి తెలుసుకోవాల్సిందే. పైన చెప్పిన గొడవల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. ఈ పూట మనం మాట్లాడుకునేదంతా దీని చుట్టూనే.

వేవ్ ఫైలుతో మొదలుపెడదాం. 1991లో మైక్రోసాఫ్ట్, ఐబీఎం కలిసి తెచ్చారు, ఇప్పటికీ స్టూడియోల్లో నడిచేది ఇదే. సీడీ నాణ్యత అంటే మీకు తెలుసు: సెకనుకి 44,100 సార్లు ధ్వనిని కొలుస్తాం, ఒక్కో కొలతకి 16 బిట్లు, అంటే 2 బైట్లు. ఒక కొలత ఒక శాంపిల్. స్టీరియోలో ఒక్కో క్షణానికి రెండు శాంపిళ్లుంటాయి, ఎడమది ఒకటి, కుడిది ఒకటి. ఒకే క్షణానికి చెందిన శాంపిళ్లన్నిటినీ కలిపి ఫ్రేమ్ అంటాం. అంటే ఇక్కడ ఫ్రేముకి 4 బైట్లు, సెకనుకి 1,76,400 బైట్లు.

మరి ఫైల్లో వీటిని ఎలా పేరుస్తారు? ఎడమ చానల్ పాటంతా ముందు రాసి, తర్వాత కుడి చానల్ పాటంతా రాస్తారని చాలామంది అనుకుంటారు. అలా రాయరు. జడ పాయలు అల్లినట్టు ఎడమ, కుడి, ఎడమ, కుడి అంటూ ఒక్కో శాంపిల్ వేసుకుంటూ పోతారు. దీన్నే ఇంటర్లీవింగ్ అంటారు. కారణం చాలా మామూలుది. రికార్డింగ్ మొదలైనప్పుడు అది ఎంతసేపు సాగుతుందో రికార్డరుకి తెలియదు కదా, ఎడమ చానల్ ఎక్కడ ముగుస్తుందో తెలియనిదే కుడిది ఎక్కడ మొదలుపెట్టాలి? ప్లే చేసేటప్పుడూ అంతే, రెండు స్పీకర్లకీ ఒకే క్షణం శాంపిళ్లు కావాలి, అవి పక్కపక్కనే ఉంటే చదవడం తేలిక. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లోపల మాత్రం సాధారణంగా జడ విప్పేసి ఏ చానల్‌కి ఆ చానల్ విడిగా పెట్టుకుంటుంది, ఎఫెక్టులు ఒక్కో చానల్ మీద విడివిడిగా నడపాలి కాబట్టి. సేవ్ చేసేటప్పుడు మళ్లీ అల్లుతుంది.

ఇప్పుడు తెర మీద నాలుగు బైట్లు చూడండి: 232, 3, 24, 252. ఇది ఒక ఫ్రేమ్. వేవ్‌లో చిన్న బైటు (ఒకట్ల స్థానం లాంటిది) ముందు, పెద్ద బైటు (256ల స్థానంలోది) తర్వాత ఉంటుంది. మొదటి రెండూ తీసుకుంటే 3ని 256తో గుణించి 232 కలపాలి, 1000 వస్తుంది. అది ఎడమ శాంపిల్. తర్వాతి రెండూ తీసుకుంటే 252ని 256తో గుణించి 24 కలిపితే 64,536. ఇది 32,767 దాటింది కాబట్టి రుణసంఖ్య, 65,536 తీసేస్తే మైనస్ 1000. అది కుడి శాంపిల్.

కాపీ చేసేటప్పుడో, ముక్క కోసేటప్పుడో మొదటి బైటు ఒక్కటి పోయిందనుకోండి. చదివేవాడు 3, 24 జత కడతాడు: 6,147 వస్తుంది. తర్వాత 252కి వచ్చే ఫ్రేములోని 232 జత కడితే మైనస్ 5,892. వెయ్యి దగ్గర మెల్లగా ఊగుతున్న ధ్వని ఒక్కసారిగా ఆరువేల దగ్గర గెంతుతోంది. చిన్న బైటు పెద్ద బైటు స్థానంలో కూర్చుంది, అది శాంపిల్ శాంపిల్‌కీ ఇష్టమొచ్చినట్టు మారుతుంది కాబట్టి చెవికి పెద్ద రొద తప్ప ఏమీ వినపడదు. అదే ఒకటి బదులు రెండు బైట్లు పోతే? రొద ఉండదు. పాట హాయిగా వినిపిస్తుంది, ఎడమా కుడీ మాత్రం తారుమారవుతాయి. పంక్తి భోజనంలో మధ్యలో ఒకరు లేచిపోతే వడ్డించేవాడి లెక్క ప్రకారం ఒకరి బూరె పక్కవాడి ఆకులో పడ్డట్టు! (నవ్వులు) నా లెక్కలో ఈ రెండోదే ఎక్కువ ప్రమాదం. రొద వస్తే ఎవరైనా గమనిస్తారు, ఎడమ కుడి మారితే ఎవరూ గమనించరు, ఫైలు అలాగే బయటికి వెళ్లిపోతుంది.

ఈ లెక్కలన్నిటికీ తాళంచెవి హెడర్లో, అంటే ఫైలు మొదట్లో వివరాలు రాసుకునే భాగంలో ఉంటుంది. మామూలు వేవ్‌కి హెడర్ 44 బైట్లు. సున్నా నుంచి లెక్కపెడితే 22వ బైటు దగ్గర చానళ్ల సంఖ్య, 24 దగ్గర సెకనుకి ఎన్ని శాంపిళ్లన్నది, 28 దగ్గర సెకనుకి ఎన్ని బైట్లన్నది, 32 దగ్గర ఫ్రేముకి ఎన్ని బైట్లన్నది, 34 దగ్గర బిట్లు. సీడీ నాణ్యత స్టీరియో ఫైలుని బైట్లని అంకెలుగా చూపే హెక్స్ ఎడిటర్లో తెరిస్తే 22, 23 స్థానాల్లో 2, 0 కనిపిస్తాయి. 24 దగ్గర 68, 172, 0, 0. ఎందుకంటే 172ని 256తో గుణించి 68 కలిపితే 44,100. అయితే హెక్స్ ఎడిటర్ పదహారు ఆధారంగా చూపిస్తుంది కాబట్టి క్యాల్కులేటర్ పక్కన పెట్టుకోండి. ఇంకోమాట: హెడర్ అన్నిట్లోనూ 44 బైట్లే ఉంటుందని నమ్మకండి. చాలా రికార్డర్లు ధ్వనికి ముందు తేదీ, టైమ్‌కోడ్, పేర్లు ఉన్న చంకులు, అంటే విడి సమాచార ముక్కలు, ఇరికిస్తాయి. ఇంగ్లిష్‌లో "data" అన్న నాలుగక్షరాల గుర్తు ఎక్కడుందో వెతికి, దాని తర్వాత 4 బైట్ల పొడవు దాటితే అక్కడ ధ్వని మొదలవుతుంది.

చానళ్ల సంఖ్య తప్పు పడితే ఏమవుతుందో చెవితోనే పట్టేయొచ్చు. మోనో ఫైలుని స్టీరియో అని హెడర్ చెబితే శాంపిళ్లు రెండేసి ఖర్చవుతాయి. మాట రెట్టింపు వేగంతో, ఒక స్థాయి పైన కీచుగా వినిపిస్తుంది. స్టీరియోని మోనో అంటే తిరగబడుతుంది: సగం వేగం, బొంగురు గొంతు. ఆరు చానళ్లదాన్ని రెండు అంటే మూడు రెట్లు మెల్లగా, ఒకదాని మీద ఒకటి కలగాపులగంగా. ఇలాంటి ఫైలు చేతికొస్తే పారేయకండి. ఆడాసిటీ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లో ఇంపోర్ట్ కింద రా డేటా (హెడర్ని నమ్మకుండా చదివే దారి) అన్నది ఎంచుకుని, బిట్లు, బైట్ల వరస, చానళ్లు, మొదట్లో ఎన్ని బైట్లు వదలాలి, శాంపిల్ రేటు, ఈ ఐదూ మీరే చెప్పండి. ఎక్కువసార్లు ధ్వని చెక్కుచెదరకుండా ఉంటుంది.

ఇక సినిమా సంగతి. 5.1 అంటే ఆరు చానళ్లు: లెఫ్ట్, రైట్, సెంటర్, ఎల్ఎఫ్ఈ (సబ్‌వూఫర్‌కి వెళ్లే లోతు మోతల చానల్), లెఫ్ట్ సరౌండ్, రైట్ సరౌండ్. 48,000 శాంపిళ్లు, 24 బిట్లు అనుకుందాం. ఫ్రేముకి ఆరు మూళ్లు 18 బైట్లు. సెకనుకి 8,64,000 బైట్లు. హెడర్లో పొడవు రాసుకునే చోటు 32 బిట్లే, అంటే 4,29,49,67,296 బైట్ల దగ్గర ఆగిపోతుంది. భాగించి చూడండి, 82 నిమిషాల 51 సెకన్లు. మన తెలుగు సినిమా ఇంటర్వెల్ దాటి కాస్త ముందుకెళ్లేసరికి ఫైలు నిండిపోతుంది! రెండున్నర గంటల సినిమాకి కావలసింది 777 కోట్ల 60 లక్షల బైట్లు.

కొన్ని సాఫ్ట్‌వేర్లు హద్దు దగ్గర ఆపేస్తాయి. కొన్ని ఏమీ చెప్పకుండా రాసుకుంటూ పోతాయి, ధ్వని అంతా డిస్కు మీదికి చేరుతుంది, కానీ పొడవు చెప్పే అంకె మీటరు తిరిగినట్టు మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. అలా రెండున్నర గంటల ఫైలు 67 నిమిషాలే అని చూపిస్తుంది. సైజు చూస్తే ఏడు గిగాబైట్లు, పొడవు చూస్తే గంటా ఏడు నిమిషాలు. ఈ రెండూ పొంతన లేకుండా ఉంటే అనుమానించాల్సింది ఇదే. ఇందాక చెప్పిన రా డేటా దారి ఇక్కడా పనికొస్తుంది. హెడర్లో చెప్పిన పొడవుని పట్టించుకోవద్దని సాక్స్ అనే ఆడియో టూల్‌కి చెప్పే వీలు కూడా ఉంది.

ముందే తప్పించుకోవాలంటే ఆర్ఎఫ్64 ఎంచుకోండి. యూరప్ ప్రసార సంస్థల సమాఖ్య ఈబీయూ తెచ్చిన పద్ధతి అది, పొడవుని 64 బిట్లలో విడి చంకులో రాస్తుంది. లేదా చానల్‌కి ఒక మోనో ఫైలు చేయండి. ఒక్కో చానల్ సెకనుకి 1,44,000 బైట్లే కాబట్టి మొత్తం సినిమా ఒక్కో ఫైల్లో సుఖంగా పడుతుంది. కాకపోతే ఆరు ఫైళ్లూ ఒకే శాంపిల్ దగ్గర మొదలై, ఒకే శాంపిల్ దగ్గర ముగియాలి. లెఫ్ట్ కంటే రైట్ 24 శాంపిళ్లు ఆలస్యమైతే అది అర మిల్లీసెకను, విడిగా వింటే పట్టుకోలేరు. రెండూ మోనోలో కలిపితే మాత్రం రెండింటిలోనూ ఉన్న ధ్వనిలో సరిగ్గా 1000 హెర్ట్జ్ దగ్గర గుంట పడుతుంది, గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. అందుకే పంపేముందు ఆరింటి పొడవూ శాంపిళ్లలో సరిపోల్చండి, నిమిషాల్లో చూస్తే చాలదు.

సరే, ఎన్ని అన్నది తేలింది. ఎవరు అన్నది చూద్దాం. పాత వేవ్ హెడర్లో 6 అని ఉంటుంది, అంతే. మూడోది సెంటరని ఎవరు చెప్పాలి? అందుకని మైక్రోసాఫ్ట్ తర్వాత విస్తరించిన హెడర్ తెచ్చింది. అందులో ఫార్మాట్ సంఖ్య 1కి బదులు 65,534 ఉంటుంది, చానల్ మాస్క్ అని ఒక 32 బిట్ల అంకె ఉంటుంది. ఒక్కో స్పీకరుకి ఒక్కో బిట్టు: ముందు ఎడమకి 1, ముందు కుడికి 2, సెంటర్‌కి 4, ఎల్ఎఫ్ఈకి 8, వెనక ఎడమకి 16, వెనక కుడికి 32, పక్క ఎడమకి 512, పక్క కుడికి 1024. ఉన్నవాటిని కూడితే అదే మాస్క్. నియమం ఒక్కటే, ఫైల్లో చానళ్లు ఈ అంకెలు పెరిగే వరసలోనే ఉండాలి.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. 5.1లో సరౌండ్‌ని వెనక అనుకుంటే మాస్క్ 63, పక్క అనుకుంటే 1551. రెండూ 5.1యే, చానళ్ల వరసా ఒకటే, కానీ కొన్ని సాఫ్ట్‌వేర్లు వీటిని రెండు వేరే లేఅవుట్లుగా చూసి మార్చబోతాయి, లేదా ఫైలు తీసుకోనంటాయి. 7.1కి మాస్క్ 1599. అందులో వెనక జత ముందు, పక్క జత తర్వాత వస్తాయి. సినిమా హాళ్లకి పంపే డీసీపీలో పక్క జత 5, 6లో, వెనక జత 11, 12లో ఉంటాయి. వేవ్ వరసని అలాగే ఎత్తి పెడితే వెనక గోడ శబ్దం పక్క గోడకి పోతుంది. మాస్క్ సున్నా అయితే ఈ చానళ్లకి స్పీకర్లతో సంబంధం లేదని అర్థం. లొకేషన్ రికార్డరు ఇచ్చే ఎనిమిది మైకుల ఫైలుకి అది సరైన విలువ, ఎందుకంటే అక్కడ నాలుగోది ఎల్ఎఫ్ఈ కాదు కదా, ఎవరి చొక్కాకో పెట్టిన లేపల్ మైకు.

వరసలు ఎన్ని రకాలో చెబుతాను, రాసుకోండి. వేవ్, ఫ్లాక్ (నాణ్యత పోకుండా కుదించే ఫార్మాట్): లెఫ్ట్, రైట్, సెంటర్, ఎల్ఎఫ్ఈ, లెఫ్ట్ సరౌండ్, రైట్ సరౌండ్. ప్రోటూల్స్ అనే మిక్సింగ్ సాఫ్ట్‌వేర్లో కనిపించే ఫిల్మ్ వరస: లెఫ్ట్, సెంటర్, రైట్, రెండు సరౌండ్లు, చివర ఎల్ఎఫ్ఈ. ఆగ్ వోర్బిస్ అనే కుదింపు ఫార్మాట్ కూడా దాదాపు ఇలాగే. డీటీఎస్ వరస అని పిలిచేది: లెఫ్ట్, రైట్, రెండు సరౌండ్లు, సెంటర్, ఎల్ఎఫ్ఈ. ఏఏసీ అనే కుదింపు ఫార్మాట్లో సెంటర్ ముందు, ఆ తర్వాత లెఫ్ట్-రైట్ జత, సరౌండ్ల జత, ఎల్ఎఫ్ఈ.

ఏఏసీ వరసకి మాత్రం తర్కం ఉంది. కుదింపు కోసం అది పోలికలున్న చానళ్లని జతగా కడుతుంది. లెఫ్ట్-రైట్ ఒక జత, సరౌండ్లు ఇంకో జత, సెంటర్ ఒంటరి, ఎల్ఎఫ్ఈకి దాని గది దానిదే. ఫ్లాక్‌లోనూ ఇదే ఎత్తు స్టీరియోకి వాడతారు: కుడిని అలాగే రాయకుండా ఎడమకీ కుడికీ ఉన్న తేడా రాస్తారు. రెండు చానళ్లలోనూ ఒకే గొంతు ఉంటే తేడా అంతా సున్నాలే, రెండో చానల్ దాదాపు ఉచితం. అదే వేవ్‌లో అయితే ఒకే గొంతుకి రెట్టింపు చోటు. ఎంపీ3లోని జాయింట్ స్టీరియో కూడా ప్రధానంగా ఈ లెక్కే. దాన్ని నాసిరకం అని తీసిపారేయడం పొరపాటు.

ఫిల్మ్ వరసలో ఉన్న ఫైలుని వేవ్ వరస అనుకుని ప్లే చేస్తే: సెంటర్ కుడికి పోతుంది, కుడి మధ్యకి వస్తుంది, లెఫ్ట్ సరౌండ్ సబ్‌వూఫర్లోకి దూరుతుంది. డైలాగ్ కుడి స్పీకర్లోంచి వస్తోందంటే ముందు దీన్నే అనుమానించండి. డీటీఎస్ వరసైతే డైలాగ్ లెఫ్ట్ సరౌండ్లోకి వెళ్తుంది. ఎల్ఎఫ్ఈ తప్పుచోట పడితే ఇంకో చిక్కు. థియేటర్లో ఎల్ఎఫ్ఈని 10 డెసిబెల్స్ పెంచి వినిపిస్తారు. అది మామూలు స్పీకరుకి వెళ్తే ఆ పెంపు అందదు, దాని స్థానంలోకి వచ్చిన సరౌండ్‌లోని కింది ధ్వనులకి లేనిపోని పెంపు వస్తుంది.

5.1ని రెండు చానళ్లకి దించేటప్పుడు అంతర్జాతీయ టెలికం సంస్థ ఐటీయూ సిఫారసు ఇది: లెఫ్ట్‌కి 0.707 వంతు సెంటర్, 0.707 వంతు లెఫ్ట్ సరౌండ్ కలపాలి. రైట్‌కీ అంతే. ఎల్ఎఫ్ఈని సాధారణంగా వదిలేస్తారు. మూడూ ఒకేసారి నిండుగా వస్తే మొత్తం 2.414 రెట్లు, అంటే 7.7 డెసిబెల్స్ పైకి. సాఫ్ట్‌వేర్ అయితే మొత్తం తగ్గిస్తుంది, లేకపోతే ఫైట్ సీన్లో పగులుతుంది. బాంబు మోతంతా ఎల్ఎఫ్ఈలోనే పెట్టుకున్న మిక్సులు టీవీలో తుస్సుమనేదీ ఇక్కడే. ఆ మోతలో కొంత లెఫ్ట్-రైట్‌లోనూ ఉంచాలి.

ఇప్పుడు యూట్యూబ్ వాళ్ల వంతు. రెండు వైర్‌లెస్ మైకుల రిసీవర్ స్టీరియో మోడ్‌లో ఉంటే అతిథి ఒక చెవిలో, మీరు ఇంకో చెవిలో ఉంటారు. అది తప్పు కాదు, వరం. ముందు స్టీరియో ట్రాకుని రెండు మోనోలుగా విడగొట్టండి, ఎవరి లెవెల్ వాళ్లకి సరిచేయండి, ఆ తర్వాత రెండూ మధ్యకి తెచ్చి కలపండి. ముందే కలిపేస్తే ఒకరి దగ్గు ఇంకొకరి మాటలోంచి తీయలేరు.

ఇంతకంటే మోసపుచ్చేది ఇంకొకటుంది. ఎక్స్ఎల్ఆర్ (మూడు పిన్నుల ప్లగ్గు) మైకుని సరికాని తీగతో కెమెరా 3.5 మిల్లీమీటర్ల స్టీరియో జాక్‌లో పెడతారు. బ్యాలెన్స్‌డ్ మైకులో ఒకే ధ్వని రెండు తీగల మీద వ్యతిరేకంగా నడుస్తుంది. ఒక తీగ ఎడమకి, ఇంకోటి కుడికి అందుతుంది. ఎడమలో 1000 ఉన్నచోట కుడిలో మైనస్ 1000. ఇందాక తెర మీద చూసిన నాలుగు బైట్లు సరిగ్గా అవే! ఇయర్‌ఫోన్లో మాట తల చుట్టూ తిరుగుతున్నట్టు, డొల్లగా ఉంటుంది కానీ వినిపిస్తుంది. ఒకే స్పీకరున్న ఫోన్ రెండూ కలుపుతుంది, సున్నా వస్తుంది, మాట మాయం. మందు తేలిక: కుడి చానల్ తీసేసి ఎడమనే రెండు చోట్లా పెట్టండి.

ఇక ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: సార్, ఒకే వీడియో ఫైల్లో తెలుగు, తమిళం, హిందీ ఉంటాయి కదా. అవి చానళ్లేనా?

కాదండీ, అవి ట్రాకులు. ప్లేయర్ ఒక సమయంలో ఒక ట్రాకే వినిపిస్తుంది, ఆ ట్రాకులోని చానళ్లన్నీ మాత్రం ఒకేసారి వినిపిస్తుంది. మూడు భాషలూ 5.1 అయితే మూడు ట్రాకులు, ట్రాకుకి ఆరు చానళ్లు. ప్రసార సంస్థలకిచ్చే ఎంఎక్స్ఎఫ్ ఫైళ్లలో మాత్రం తరచు ఒక్కో చానల్‌ని విడి మోనో ట్రాకుగా పెడతారు, 1 నుంచి 6 తెలుగు, 7, 8 స్టీరియో అన్నట్టు. ఆ పట్టీ వాళ్ల డెలివరీ పత్రంలో ఉంటుంది, చూడకుండా పంపకండి.

ప్రశ్న: డాల్బీ అట్మాస్‌లో కూడా ఈ వరస గొడవ ఉంటుందా?

కొంత తగ్గుతుంది. అందులో 7.1.2 బెడ్, అంటే స్పీకర్లకి కట్టేసి ఉండే భాగం, పది చానళ్లు, వాటికి వరస కావాల్సిందే. మిగతావి ఆబ్జెక్టులు, 118 వరకు. వాటికి స్పీకరు పేరు ఉండదు, ఏ క్షణంలో గదిలో ఎక్కడుండాలో స్థానం రాసి ఉంటుంది. మాస్టర్‌ని ఏడీఎం వేవ్‌గా ఇస్తే ఆ వివరాలు విడి చంకుల్లో ఉంటాయి. మామూలు ఎడిటర్లో తెరిచి సేవ్ చేస్తే ఆ చంకులు పోవచ్చు, 128 పేరులేని చానళ్లు మిగులుతాయి. కాబట్టి ఆ ఫైలుని తెరిచి చూడాలంటే కాపీ చేసి చూడండి.

ప్రశ్న: పంపే ముందు వరస సరిగ్గా ఉందని ఎలా చూసుకోవాలి?

నిమిషం పొడవున్న 5.1 ఫైలు ఒకటి చేసి దాచుకోండి. లెఫ్ట్‌లో "ఎడమ", సెంటర్‌లో "నడుమ" అని, ఇలా ఒక్కో చానల్‌లో ఒక్కసారి దాని పేరు మాత్రమే పలికి రికార్డు చేయండి. ఒకేసారి రెండు పలకకూడదు. సినిమాని ఏ దారిలో మారుస్తున్నారో ఈ ఫైలుని అదే సెట్టింగులతో, అదే దారిలో పంపి చివర్న వినండి. "నడుమ" అన్న మాట కుడిలోంచి వస్తే ఎక్కడ తిరిగిందో ఒక్కో మెట్టు వెనక్కి వెళ్లి పట్టుకోవచ్చు. ఎల్ఎఫ్ఈలో మాత్రం మాట పెట్టకండి. డాల్బీ డిజిటల్ లాంటి కుదింపుల్లో ఆ చానల్ 120 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది, మాట వినపడక చానలే పోయిందనుకుంటారు. అక్కడ 50 హెర్ట్జ్ టోన్ మూడు సెకన్లు పెట్టండి.